తెరుస్తూ వచ్చాడా, తెరిచి వచ్చాడా?

సందేహం: ఒక ఇంగ్లీషు కథను అనువదిస్తూ ‘ఓపెనింగ్ ద డోర్, హీ వాక్డ్ ఇన్’ అనే వాక్యాన్ని ‘తలుపు తెరుస్తూ లోపలికి వచ్చాడు’ అని రాశాను. చూసిపెట్టిన మిత్రులు ‘తెరుస్తూ’ కొట్టేసి ‘తెరిచి’ అని దిద్దారు. తర్వాతి వాక్యంలో ‘స్మైలింగ్’ అనే మాటకు నేను రాసిన ‘నవ్వుతూ’ను మాత్రం ముట్టుకోలేదు. మూలంలో రెండింటికీ ‘ఇంగ్’ రూపమే ఉండగా తెలుగులో ఈ భేదం ఎందుకు? ‘తొందరగా’ వంటి క్రియావిశేషణాలను ఇలాంటి వాక్యాల్లో ఎక్కడ ఉంచాలి?

సమాధానం: మీ మిత్రుల దిద్దుబాటు సరైనదే. తలుపు తెరవడం ముగిస్తేనే గాని లోపలికి రావడం మొదలు కాదు కనుక అక్కడ క్త్వార్థకం (‘తెరిచి’ వంటి, ముందే ముగిసిన పనిని చెప్పే రూపం) కావాలి. నవ్వు, మాట కలిసి సాగగలవు కనుక ‘నవ్వుతూ అన్నాడు’లో శత్రర్థకం (‘తూ’, ‘చు’ చేరి, మరో పనితో పాటు సాగుతున్న పనిని చెప్పే రూపం) ఒప్పుతుంది. ఇంగ్లీషు ‘ఇంగ్’ ఈ రెండు పనులనూ, మరికొన్నింటినీ ఒంటిచేత్తో చేస్తుంది. ప్రాచీనాంగ్లంలో విశేషణంగా పనిచేసే ‘ఎండె’ రూపం వేరు, భావార్థక నామాన్నిచ్చే ‘ఉంగ్’, ‘ఇంగ్’ రూపాలు వేరు. మధ్యయుగంలో అవి కలిసిపోయి ఒకే రూపం మిగిలింది. మనకు ఆ కలయిక జరగలేదు. తెరుస్తూ, తెరిచి, తెరవడం, తెరుస్తుండగా, తెరవగా అన్నవి దేనికది విడివిడిగా నిలిచి ఉన్నాయి. ఇన్ని రూపాలు చేతిలో ఉండగా, ‘ఇంగ్’ కనబడిన ప్రతిచోటా ‘తూ’ తగిలించి ఊరుకోవడం ఈ మధ్య అనువాదాల్లోనూ, పత్రికల ఆటల పేజీల్లోనూ అలవాటుగా మారిపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తోంది.

ఈ రూపాల బలాబలాలు తెలియాలంటే సూత్రాలకంటే ముందు పోతన సీసపద్యం ఒకటి నెమ్మదిగా చదవమంటాను. భాగవతం ప్రథమ స్కంధంలో అంపశయ్య మీది భీష్ముడు, తనను చంపడానికి రథం దిగి దూకిన కృష్ణుణ్ణి తలచుకునే పద్యమది. ‘కుప్పించి యెగసినఁ గుండలంబుల కాంతి గగన భాగం బెల్లఁ గప్పికొనఁగ’ అని మొదలవుతుంది. కుప్పించడం ముందు, ఎగయడం వెనుక; రెండింటికీ కర్త కృష్ణుడే. కాబట్టి ‘కుప్పించి’ అని క్త్వార్థకం పడింది. ఆకాశాన్ని కప్పినది కృష్ణుడు కాదు, కుండలాల కాంతి. కర్త మారగానే కవి ‘కప్పికొనఁగ’ అని రూపం మార్చాడు. జగతి ‘గదల’, పచ్చని పటము ‘జాఱ’, క్రీడి (అర్జునుడు) మరలఁ ‘దిగువ’ (వెనక్కి లాగగా) అని పాదపాదానా అదే పద్ధతి. పరుగెత్తేవాడు ఒక్కడు, చుట్టూ జరిగేవి నాలుగు. ఎవరి పని ఎవరిదో క్షణమైనా తడబాటు కలగదు.

మూడో పాదంలో ‘జక్రంబుఁ జేఁబట్టి చనుదెంచు రయమున’ అన్నాడు. ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. చక్రం పట్టడం ముందే ముగిసింది, పట్టిన చక్రం మాత్రం వస్తున్నంతసేపూ చేతిలోనే ఉంది. అంటే క్త్వార్థకం ముగిసిన పనినే కాక, ఆ పని వల్ల ఏర్పడి నిలిచి ఉన్న స్థితిని కూడా చెబుతుంది. నేటి ధోరణిలో ఎవరైనా ‘చక్రం చేపడుతూ వచ్చాడు’ అని రాస్తే, ప్రతి అడుగుకీ కొత్తగా చక్రం అందుకుంటున్న కృష్ణుడు కనబడతాడు. సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో ‘నేఁడు భీష్ముని జంపుదు నిన్నుఁ గాతు విడువు మర్జున యనుచు’ అనే చోట, అంతవరకు దాచుకున్న శత్రర్థకాన్ని వాడాడు. ‘అని’ అంటే మాట ముగించి కదిలినట్లు. వెనక్కి లాగుతున్న అర్జునుడికి సమాధానం చెప్పడానికైనా ఆగని వేగం ఆ ‘అనుచు’లో ఉంది. ఈ పద్యాన్ని ఎన్నిసార్లు చదివినా ఈ ఒక్క ‘చు’ దగ్గర ఆగి మళ్ళీ చదువుకుంటాను.

ఇక శాస్త్రం. పాణిని ‘సమానకర్తృకయోః పూర్వకాలే’ అని సూత్రించాడు. రెండు క్రియలకూ కర్త ఒకడే కావాలి, ‘క్త్వా’ ప్రత్యయం (మన ‘తెరిచి’లోని ‘ఇ’ వంటిది) చేరిన పని ముందటిది కావాలి. నోరు తెరిచి నిద్రపోయేవాడి విషయంలో తెరవడం ముందటి పని కాదు కదా అనే ఆక్షేపణను ఊహించి, ‘వ్యాదాయ స్వపితి’, ‘సమ్మీల్య హసతి’ (కళ్ళు మూసుకుని నవ్వుతాడు) వంటి ప్రయోగాలను, పాణిని సూత్రాలకు వివరణలు చేర్చిన వార్తికకారుడు విడిగా సమర్థించాడు. తెలుగులో ఈ రకం ప్రయోగాలకు లెక్కలేదు: కళ్ళు మూసుకుని విన్నాడు, చేతులు కట్టుకుని నిలబడ్డాడు, తల వంచుకుని వెళ్ళిపోయాడు. వీటిని ‘మూసుకుంటూ’, ‘కట్టుకుంటూ’, ‘వంచుకుంటూ’ అని మారిస్తే అర్థమే మారుతుంది.

ఈ విషయంలో తెలుగు సంస్కృతాన్ని కూడా అనుసరించదు. మన ‘తూ’కు దీటైన శతృ శానచ్ ప్రత్యయాలు క్రియాలక్షణాన్ని, అంటే పని జరిగే తీరును, తెలిపే పద్ధతికి పాణిని సూత్రాల వ్యాఖ్య అయిన కాశికలో ‘శయానా భుంజతే యవనాః’ అనే ఉదాహరణ ఉంది. దాన్ని మనం ‘యవనులు పడుకుని తింటారు’ అంటాం గాని ‘పడుకుంటూ తింటారు’ అనం. సంస్కృతంలో ‘శీ’ ధాతువు పడుకుని ఉండే స్థితిని చెబితే, తెలుగు ‘పడుకొను’ ముందుగా ఆ స్థితిలోకి వెళ్ళడాన్ని చెబుతుంది. కూర్చొను, నిలబడు, తొడుగుకొను కూడా అటువంటివే. అందుకే ఇంగ్లీషులో ‘హీ ఈజ్ సిటింగ్’ అన్నదానికి తెలుగు ‘కూర్చుని ఉన్నాడు’. ‘కూర్చుంటున్నాడు’ అంటే ఇంకా కూర్చోబోయే క్రమంలో ఉన్నాడనో, రోజూ కూర్చుంటున్నాడనో అర్థం. ‘ఎర్ర చొక్కా వేసుకుంటున్న వ్యక్తి’ అని అనువాదాల్లో చూస్తుంటాం. ఆ వ్యక్తికి ఇంకా చేతులు చొక్కాలో దూరలేదన్నమాట.

గమనార్థక క్రియల ముందు ‘తూ’ తరచుగా ‘కొను’ సాయం తీసుకుంటుంది: పరుగెత్తుకుంటూ వచ్చాడు, నడుచుకుంటూ వెళ్ళాడు, ఏడ్చుకుంటూ పోయింది. ‘స్టాప్’ వంటి క్రియల వెంట వచ్చే ‘ఇంగ్’కు ‘డం’ చాలు: తాగడం మానేశాడు.

కర్త మారినప్పుడు ‘తూ’ కూడదు. ‘ఊరికి వెళుతూ వాన వచ్చింది’ అంటే ఊరికి బయలుదేరింది వానే. ‘వెళుతుండగా’ అనాలి. క్త్వార్థకం విషయంలో మాత్రం నేనంత గట్టిగా చెప్పలేను. ‘వాన కురిసి చెరువు నిండింది’, ‘గోడ కూలి ఇద్దరు గాయపడ్డారు’ అన్న వాక్యాల్లో కర్తలు వేరు. ముందటి పని వెనకటిదానికి కారణమైనప్పుడు మన భాష సమానకర్తృక నియమాన్ని సడలిస్తుంది. వాటిని దోషాలనడం నాకు ఇష్టం లేదు.

‘రికార్డు బద్దలు కొడుతూ విజయం సాధించాడు’ అన్న రాతను ఏం చేయాలి? గెలుపే ఆ రికార్డును బద్దలు కొట్టిందంటే ఒకే ఘటనకు రెండు పేర్లు కనుక సహించవచ్చు. ‘బదిలీ చేస్తూ ఉత్తర్వులు జారీ చేశారు’ అన్నదీ అలాంటిదే. ఉత్తర్వే బదిలీ చేస్తుంది. కాని ‘నాలుగు వికెట్లు తీస్తూ జట్టును గెలిపించాడు’ అన్నచోట వికెట్లు ముందు, గెలుపు తర్వాత. ‘తీసి’ అంటే పోయేదేమీ లేదు.

మీ రెండో ప్రశ్నకు జవాబు చిన్నది. క్రియావిశేషణం తన తర్వాత వచ్చే దగ్గరి క్రియను పట్టుకుంటుంది. ‘తొందరగా తలుపు తెరిచి లోపలికి వచ్చాడు’ అంటే తొందర తెరవడానిది. రావడానిదైతే ‘తలుపు తెరిచి తొందరగా లోపలికి వచ్చాడు’ అని రాయండి. రెండింటిదీ అయితే మొదటి వాక్యమే సరిపోవచ్చు, సందర్భం చెప్పాలి.