మ్యూజ్‌స్కోర్‌లో పియానో పెడల్ గుర్తులు: అక్షరాలుగా టైపు చేయాలా, గీతగా పెట్టాలా?

బీథోవెన్ ‘మూన్‌లైట్’ సొనాటా మొదటి భాగాన్ని మీరు సంగీత లిపిని రాసి వినిపించే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ 4లో ఎక్కిస్తున్నారు. పెడల్ తొక్కమని చెప్పే ‘పెడ్’ అన్న అక్షరాలనూ, వదలమని చెప్పే నక్షత్రం గుర్తునూ టెక్స్ట్‌గా టైపు చేశారు. కాగితం మీద అవి బాగానే కనిపిస్తున్నా ప్లేబ్యాక్‌లో పెడల్ వినిపించడం లేదనీ, నక్షత్రం ఏ స్వరం కింద రావాలో తేలడం లేదనీ అడిగారు. నేను హైదరాబాదులో ఇంటి దగ్గర పిల్లలకు పియానో నేర్పుతుంటాను. ఇదే భాగాన్ని, ఇదే సాఫ్ట్‌వేర్‌లో, ఇదే పొరపాటుతో ఒకసారి పూర్తిగా ఎక్కించాను కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా చెబుతాను.

మీరు టైపు చేసిన ‘పెడ్’ ఆ ప్రోగ్రామ్ దృష్టిలో వట్టి అక్షరాలు మాత్రమే. లైన్స్ ప్యాలెట్‌లో, అంటే గీతల రకాలన్నీ ఉండే పెట్టెలో ఉన్న పెడల్ గుర్తులకు మొదలయ్యే చోటు, ముగిసే చోటు రెండూ ఉంటాయి. ప్లేబ్యాక్ ఆ రెండింటినీ చూసి, సంగీత పరికరాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే మిడి భాషలో 64వ కంట్రోలర్ అనే సంకేతాన్ని పంపుతుంది. ఆ సంకేతం విలువ 64 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే పెడల్ తొక్కినట్లు, తక్కువైతే వదిలినట్లు లెక్క. టెక్స్ట్‌తో మరో చిక్కు కూడా ఉంది. ఆ భాగంలోని 69 బార్లకూ (నిలువు గీతల మధ్య ఉండే గడులకూ) గుర్తులు టైపు చేసి, ఒక్కొక్కదాన్నీ మౌస్‌తో లాగి సర్దిన తరువాత, పిల్లలకు కనిపించడం లేదని నేను స్టాఫ్ (స్వరాలు రాసే అయిదు గీతల వరుస) సైజు పెంచాను. స్వరాల మధ్య దూరాలు మారాయి కానీ నేను చేత్తో జరిపిన దూరాలు మారలేదు. ఫలితంగా నక్షత్రాలన్నీ పక్క స్వరాల కిందికి చేరాయి, ఒక సాయంత్రపు శ్రమ అక్కడికక్కడే వృథా అయింది.

గీత పెట్టడం కష్టమేమీ కాదు. పెడల్ ఎక్కడి నుంచి ఎక్కడి వరకు ఉండాలో ఆ స్వరాలను ఎంచుకుని, లైన్స్ ప్యాలెట్‌లో తగిన పెడల్ రకాన్ని నొక్కితే చాలు. అన్ని రకాలూ కనిపించకపోతే ప్యాలెట్ కింద ఉండే ‘మోర్’ బటన్ నొక్కండి.

ఏ రకం ఎంచుకోవాలన్నదే అసలు ప్రశ్న. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి నక్షత్రం కనిపించిన చోటే కచ్చితంగా పాదం ఎత్తేది. నక్షత్రం కొత్త కార్డ్‌కు (కలిసి మోగే స్వరాల గుంపుకు) కాస్త ముందు అచ్చవుతుంది కాబట్టి పాత కార్డ్ ఆగిపోయి, కొత్తది మొదలయ్యేలోగా వెలితి వినిపించేది. తప్పు ఆ అమ్మాయిది కాదు, నేను ఇచ్చిన కాగితానిది. స్వరాలను తెగకుండా కలిపే లెగాటో పెడల్‌లో జరిగేది వేరు. వేళ్లు కొత్త కార్డ్‌ను నొక్కిన క్షణంలోనే పాదం పైకి లేస్తుంది, డాంపర్లు పాత తీగల మీదికి దిగి వాటిని ఆపుతాయి, వేళ్లు ఇంకా మెట్ల మీద ఉండగానే పాదం మళ్లీ కిందికి వెళుతుంది. దీన్ని ‘పెడ్’, నక్షత్రం జంట సరిగా చూపలేదు. అడుగున సాగే గీత, కార్డ్ మారే చోట చిన్న గోపురంలా లేచి దిగే మొన అయితే కంటికి వెంటనే అర్థమవుతుంది. మ్యూజ్‌స్కోర్‌లో దీన్ని ఒకే గీతగా కాక, చివర ఏటవాలుగా లేచే ఒక గీత, మొదట ఏటవాలుగా దిగే మరో గీత పక్కపక్కన పెట్టి సాధిస్తాము. మొదటి గీతకు, కార్డ్ మారడానికి ముందున్న చివరి స్వరం వరకే ఎంచుకోవాలి. కొత్త కార్డ్‌ను కూడా కలిపి ఎంచుకుంటే గీత దాన్ని దాటిపోతుంది. మీ ఫైలులో ఈ పొరపాటు జరిగే అవకాశమే ఎక్కువ.

మీ సొనాటాలో మొదటి నాలుగు బార్లు చూడండి. మొదటి బార్ అంతా సి షార్ప్ మైనర్, కాబట్టి ఒకే పెడల్. రెండో బార్‌లో ఎడమ చేయి బి స్వరానికి దిగుతుంది, అక్కడ ఒకసారి మార్చాలి. మూడో బార్‌లో సగం దూరం ఎ, తరువాతి సగం ఎఫ్ షార్ప్, అంటే రెండు పెడల్‌లు. ఇంతవరకు ఎడమ చేతి స్టాఫ్‌లోనే స్వరాలను ఎంచుకుంటే సరిపోతుంది. నాలుగో బార్‌లో మాత్రం ఎడమ చేయి జి షార్ప్‌ను అరబార్ చొప్పున పట్టుకుని ఉండగా, కుడి చేతి ట్రిప్లెట్‌లలో (బీటుకు మూడేసి స్వరాల గుంపులలో) స్వరాలు బీటు బీటుకూ మారుతాయి. ప్రతి బీటుకూ పెడల్ మార్చాలనుకుంటే ఎడమ చేతిలో పట్టుకోవడానికి అక్కడ స్వరమే లేదు. నేను కుడి చేతి స్టాఫ్‌లో మూడేసి స్వరాలను ఎంచుకుని గీతలు పెట్టి, తరువాత వాటిని కింది స్టాఫ్ అడుగుకు జరిపాను. చూడటానికి అతుకుల బొంతలాంటి పరిష్కారమే అయినా పని చేసింది.

ఇక మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. 1801లో రాసి 1802లో అచ్చయిన ఈ సొనాటా మొదటి భాగంలో బీథోవెన్ ఇలా బార్‌కొక పెడల్ గుర్తు పెట్టలేదు. భాగమంతా అతి సున్నితంగా, ‘సెంజా సోర్దినో’ వాయించాలని ఇటాలియన్‌లో ఒక వాక్యం రాశాడు. సెంజా అంటే లేకుండా, ఇక్కడ సోర్దినో అంటే డాంపర్లు, అంటే కుడి పెడల్ తొక్కి డాంపర్లను లేపి ఉంచమని అర్థం. దీన్ని మ్యూట్ అనుకుని ఎడమ పెడల్ గురించిన సూచనగా భావించేవారు చాలామందే ఉన్నారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. ఆ కాలపు పియానోలలో ధ్వని త్వరగా సన్నగిల్లేది కనుక ఆ సూచన నడిచింది. నేటి పియానో మీద మొదటి నుంచి చివరి దాకా పెడల్ ఎత్తకుండా వాయిస్తే స్వరాలన్నీ కలిసి బురదగా మారతాయి. అందువల్ల మనం పెట్టే గీతలు మన వ్యాఖ్యానమే తప్ప ఆయన రాత కాదు. నేను అచ్చు ప్రతిలో ఆయన వాక్యాన్ని మాత్రమే ఉంచి, గీతలన్నిటినీ ఎంచుకుని కీబోర్డ్ మీద ‘వి’ అక్షరం నొక్కి కనిపించకుండా చేస్తాను. అవి కాగితం మీద రావు కానీ ప్లేబ్యాక్‌లో పని చేస్తూనే ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారి ప్రతిలో మొదటి నాలుగు బార్ల గీతలు చూపించి, ఆపైన ‘సిమిలే’ (ఇలాగే కొనసాగించండి) అని రాసి వదిలేస్తాను.

ఫైలును వేరే సాఫ్ట్‌వేర్‌కు తీసుకువెళ్లే ఉద్దేశం ఉన్నా గీతలే మేలు. సాఫ్ట్‌వేర్ల మధ్య స్వరలిపిని మార్చుకునే ఫైలు పద్ధతి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌లో పెడల్‌కు మొదలు, మార్పు, ముగింపు అని ప్రత్యేకమైన గుర్తింపులు ఉన్నాయి, టెక్స్ట్ మాత్రం అక్కడా టెక్స్ట్‌గానే మిగులుతుంది. ఇలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఫినాలే అభివృద్ధిని ఆపేస్తున్నట్లు 2024 ఆగస్టులో ప్రకటించిన తరువాత పాత ఫైళ్లను తరలించుకునేవారికి ఇది బాగా అనుభవంలోకి వచ్చి ఉంటుంది. మొనలున్న గీత విషయంలో నాకు డోరికో అనే మరో సాఫ్ట్‌వేర్ పద్ధతే ఎక్కువ నచ్చింది. అందులో షిఫ్ట్, పి నొక్కి పెడల్‌ను టైపు చేస్తే, మధ్యలో మార్చే చోట్లు ఆ ఒక్క గీతలోనే భాగాలవుతాయి, ముక్కలు అతికించే పని ఉండదు. అలాగని ఈ ఒక్క సౌకర్యం కోసం ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌ను వదులుకోమని చెప్పను.

గీతలు పెట్టాక ప్లేబ్యాక్ వేగాన్ని సగానికి తగ్గించి మూడు, నాలుగు బార్లు వినండి. ఎఫ్ షార్ప్ బేస్ నాలుగో బార్‌లోని జి షార్ప్‌తో కలిసి మోగుతుంటే మూడో బార్ చివరి గీత ఒక స్వరం ఎక్కువ సాగిందన్నమాట. ఆ గీతను ఎంచుకుని, షిఫ్ట్ పట్టుకుని ఎడమ బాణం మీట నొక్కితే దాని చివర వెనక్కి వస్తుంది.