‘నీకేం తెల్సు సేద్యం?’ అంటే ఏం జవాబు చెప్పాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, నార్పల దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట, ఏడేళ్ల చెట్లు. ఇప్పటికి నాలుగు బోర్లు వేసినాం. మొదటి దాంట్లో రెండించుల నీళ్లు పడి ఐదేళ్లు పారింది, ఇప్పుడు అరించు కూడా రావడం లేదు. రెండోది, మూడోది ఉత్త దుమ్ము. నాలుగోది 900 అడుగులు పోయి నీళ్లు పడింది గానీ ఎనిమిది నెలలకే ఎండింది. మొత్తం ఆరు లక్షలు అయ్యాయి. నా ఆరు తులాల బంగారం కుదువ పెట్టి ఐదోది వేద్దామంటున్నారు మా ఆయన. “ఇంత పెట్టినాం, ఇప్పుడు ఆపితే పెట్టిందంతా మట్టిపాలే” అంటారు. కొబ్బరికాయతో బోరు పాయింటు చూసే ఆయన వచ్చి చూశాడు, ఆయన పెట్టిన పాయింటులో పక్క చేనికి మూడించులు పడ్డాయట. నేను నోరు తెరిస్తే “నీకేం తెల్సు సేద్యం?” అంటారు. మా అత్త “మీ నాయనింట్లో ఎవరన్నా మడక (నాగలి) పట్టినారా? ఇంటి బంగారమే గదా, ఇంటికే గదా” అంటుంది. “ఈ ఏడు ఆగుదాం” అంటే “అయితే తోట ఎండిపోనీ అంటావా?” అని ఆయన. నేనూ ఊరుకోలేక “మీకు మీ అమ్మ మాటే వేదం” అనేస్తాను. తాగరు, చెయ్యి చేసుకోరు, మంచి మనిషే. రాత్రి పడుకున్నాక మాత్రం ‘అప్పుడు ఇట్లా అనుంటే బాగుండు’ అని ఒక్కొక్కటీ గుర్తొస్తుంది. మాట్లాడటం ఎట్లా నేర్చుకోవాలి?

జవాబు: అమ్మా, మాట్లాడటం మీకు బాగానే వచ్చు. ఈ ఉత్తరమే సాక్ష్యం, ఎవరు ఏమన్నారో పొల్లుపోకుండా రాశారు. మీకు అలవాటు కావాల్సింది వినడం. ఆ నాలుగు మాటల్లో ఏది కారణం, ఏది ఉత్త దెబ్బ అని అక్కడికక్కడే పోల్చుకోవాలి. ఇప్పుడు అన్నింటికీ ఒకేసారి జవాబు వెతుకుతున్నారు. అందుకే ఆ పూట గొంతు పూడుకుపోయి, రాత్రికి మాటలు వస్తున్నాయి.

మన పాత తర్కశాస్త్రంలో దీనికి చక్కటి పద్ధతి ఉంది. కొండ మీద నిప్పుంది (ఇది ప్రతిజ్ఞ, తేల్చాల్సిన మాట). పొగ కనబడుతోంది కాబట్టి (ఇది హేతువు, కారణం). పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో చూస్తున్నాం కదా (ఇది వ్యాప్తి, ఆ రెంటినీ కలిపే ముడి). ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మొదటి రెండూ బయటికి వస్తాయి, మూడోది ఎవరూ చెప్పరు. తప్పు ఉంటే చాలాసార్లు ఆ చెప్పని మూడోదాంట్లోనే ఉంటుంది.

మీ ఆయన మాట తీసుకోండి. ఐదో బోరు వేయాలి. ఎందుకు? ఆరు లక్షలు పెట్టాం కాబట్టి. మధ్యలో చెప్పకుండా మిగిలిపోయింది ఏమిటి? ‘ఎక్కువ డబ్బు పోయిన పనిలోనే ఇంకా డబ్బు పెట్టాలి’. దీన్ని ఇలా పైకి చదివితే మీ ఆయనే ఒప్పుకోరు. బుడ్డల (వేరుశనగ) చేను నిలువునా ఎండిపోయాక, ఇన్నాళ్లు మందులు కొట్టాం గదా అని ఆయన మళ్లీ మందు కొడతారా? ఆ ఆరు లక్షలు బోరు వేసినా రావు, వేయకపోయినా రావు. లెక్కలో ఉండాల్సింది ఇకమీద పెట్టేదీ, ఇకమీద వచ్చేదీ మాత్రమే.

అత్తగారి ‘గదా’ను ఇంకా జాగ్రత్తగా వినండి. తెలుగులో వాక్యం చివర ‘గదా’ వచ్చిందంటే, అందరూ ఒప్పేసుకున్నట్టు ఒక మాట లోపలికి జారిపోయిందని అర్థం. “ఇంటి బంగారమే గదా” అన్నప్పుడు జారిన మాట ‘కోడలి బంగారం ఇంటిల్లిపాదిదీ’ అని. అది నిజం కాదు. మీ పుట్టింటివాళ్లు మీకు పెట్టింది స్త్రీధనం, దాని మీద పూర్తి హక్కు మీదేనని సుప్రీంకోర్టు 1985లోనే తేల్చి చెప్పింది. ఇస్తారా ఇవ్వరా అన్నది మీ ఇష్టం. ఇచ్చినా అది మీరు ఇస్తున్నట్టు లెక్క, ఇల్లు తీసుకుంటున్నట్టు కాదు. ఈ తేడా ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి, చాలు. కోర్టు పేరెత్తితే మాత్రం ఆ రోజుకు మాటలు అక్కడితో ఆగిపోతాయి. అది మీ ధైర్యానికి తెలిసి ఉంటే చాలు.

మన ఇళ్లలో వాదన ఎక్కువగా ప్రశ్న వేషంలో వస్తుంది. “నీకేం తెల్సు సేద్యం?” అని అడిగినప్పుడు ఆయనకు జవాబు అక్కర్లేదు. ఆ ప్రశ్నను మామూలు వాక్యంగా తిప్పుకోండి: ‘సేద్యం చేయనివాళ్లు చెప్పే సేద్యం లెక్క తప్పే అవుతుంది’. అవుతుందా? ఆరు తులాలు కుదువ పెడితే నెలకు వడ్డీ ఎంతో లెక్కగట్టడానికి మడక పట్టాల్సిన పనిలేదు. ఇది మనిషి మీద వేసిన మాట, విషయం మీద కాదు. దానికి జవాబు చెప్పడం మొదలుపెడితే మీ పుట్టిల్లు, వాళ్ల పుట్టిల్లు, పెండ్లిలో పెట్టుపోతలు, అన్నీ వచ్చి కూర్చుంటాయి. బోరు సంగతి ఎక్కడో పోతుంది. “నిజమే, నాకు సేద్యం తెల్దు. అందుకే అడుగుతాండా, చెప్పండి” అని మళ్లీ విషయం దగ్గరికి రండి. ఎత్తిపొడుపు లేకుండా, నిజంగా అడుగుతున్నట్టే అనాలి.

“అయితే తోట ఎండిపోనీ అంటావా?” అన్నది ఇంకో రకం. మీరన్నది ఒకటి, మీకు అంటగట్టింది ఇంకొకటి. దీన్ని ఛలం అంటారు. జవాబుగా “నేనెప్పుడన్నా అట్లా?” అని లేస్తే ఆ అంటగట్టిన మాట చుట్టే తిరుగుతారు. మీ మాటనే, అదే వాక్యాన్ని, గొంతు పెంచకుండా మళ్లీ చెప్పండి: “నేను ఎండిపోనీ అనలేదు. అప్పు లేకుండా చెట్లు నిలబెట్టే దారి ఉందేమో చూద్దామన్నా.”

కొబ్బరికాయ సంగతి మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే కాకి వల్లే పండు పడిందనుకోవడం కాకతాళీయం. పక్క చేనిలో మూడించులు పడ్డాయి, నిజమే. ఆ కొబ్బరికాయ ఆయన ఈ రెండేళ్లలో మీ చుట్టుపక్కల ఎన్ని పాయింట్లు పెట్టాడు, ఎన్నింట్లో నీళ్లు పడ్డాయి, పడినవాటిలో ఎన్ని ఏడాది దాటి పారుతున్నాయి? పడిన బోరు గురించి ఊరంతా చెప్పుకుంటుంది, దుమ్ము లేచిన బోరుగల మనిషి నోరు మూసుకుని ఇంటికి పోతాడు. అందుకే వినబడేవన్నీ గెలుపులే. మీ వైపు రాతి నేల. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. యాభై అడుగుల దూరంలో ఒక బోరు పొంగి ఇంకోటి ఎండటం మామూలే. కొత్త బోరు పాత పగుళ్లలోనే పడితే మీ మొదటి బోరులో మిగిలిన ఆ అరించు కూడా గుంజుకోవచ్చు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పగలం, గిన్నెలో అన్నిటికీ అదే సెగ కాబట్టి. నేల కింద రాతికి ఆ లెక్క కుదరదు.

ఇప్పుడు మీ వైపు. మీ మాటల్లోనూ ఇదే తప్పు ఉంది, అది చెప్పకపోతే నేను మీకు అన్యాయం చేసినట్టే. “మీకు మీ అమ్మ మాటే వేదం” అన్నది “నీకేం తెల్సు సేద్యం” లాంటిదే, మనిషి మీదికి విసిరిన రాయి. ఇంకొకటి, ఆయన దగ్గర ఒక గట్టి కారణం ఉంది, అది మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చీనీ చెట్టు చనిపోతే కొత్తది నాటి కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. పోయిన డబ్బు గురించి కాదు, రాబోయే ఐదేళ్ల గురించి ఆయన భయం. పైకి మాత్రం ఆరు లక్షల మాటగా వస్తోంది. ఆ గట్టి కారణాన్ని ఆయనకంటే ముందు మీరే పలకండి: “చెట్లు పోతే ఐదేండ్లు వెనక్కి పోతామని గదా మీ దిగులు?” అవతలి మనిషి వాదనను అతనికంటే బాగా చెప్పగలిగితే సగం కోపం అక్కడే దిగిపోతుంది. అప్పుడు మిగిలే ప్రశ్న నిజమైన ప్రశ్న: ఈ వేసవి దాటించడానికి బోరే దారా, లేక బాగా దెబ్బతిన్న చెట్లను వదిలి బాగున్న రెండెకరాలకే ఉన్న నీళ్లు డ్రిప్పుతో ఇచ్చి, పాదుల్లో చెత్త పరిచి, తప్పనిసరైతే ట్యాంకరు తోలడమా? రెండు దారులకూ ఖర్చు పక్కపక్కన రాయండి.

సాధన ఎలా అంటే, బోరు మాటలతో మొదలుపెట్టకండి. పది రోజులు చిన్న నోటుబుక్కులో రోజుకు రెండే రెండు మాటలు రాయండి. బస్సులో విన్నవి, టీవీ చర్చలో విన్నవి, పక్కింటివి. ఒక్కోదానికి మూడు వరుసలు: ఏం తేల్చారు, ఏ కారణం చెప్పారు, చెప్పకుండా వదిలింది ఏమిటి. ‘కాబట్టి’, ‘అందుకే’, ‘లేకపోతే’, ‘గదా’ వినబడిన చోట చెవి నిలపండి. కారణం వరుస ఖాళీగా ఉందంటే అది వాదన కాదు, ఆజ్ఞో ఎత్తిపొడుపో. నాలుగో రోజుకల్లా మూడో వరుస రాయడం తేలికవుతుంది. మొదటి రెండు రోజులు మాత్రం ఏమీ తట్టదు, భయపడకండి.

ఈ అలవాటు తిరగబడేదీ ఉంది. నేర్చుకున్న పేర్లు మొహాన కొట్టకూడదు. “ఇది వితండవాదం” అంటే అదే పెద్ద పోట్లాట. ‘ఎందుకు?’ అని కూడా అడగకండి, మన భాషలో అది నిలదీసినట్టు వినబడుతుంది. “ఏం చూసి అనుకున్నారు?”, “ఎట్లా తెలిసింది?” అనండి. ఒకసారికి ఒక్క ప్రశ్నే. అడిగాక పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోండి. ఆ నిశ్శబ్దం మీరే పూడ్చేస్తే ఆయన ఆలోచించే పని తప్పిపోతుంది. అత్తగారి ముందు, పిల్లల ముందు వద్దు. నలుగురి ముందు ఎవరూ తన మాట వెనక్కి తీసుకోలేరు. ఆయన తోట నుంచి ఎండలో వచ్చిన వేళా వద్దు, అన్నం తిని స్థిమితపడ్డాక చూడండి. నిజం తేల్చుకోవడానికి మాట్లాడుకుంటే అది వాదం, గెలవడానికైతే జల్పం. ఇద్దరిలో ఎవరికైనా గొంతు పెరిగిందంటే జల్పంలోకి దిగినట్టే. “రేపు మాట్లాడుకుందాం” అని లేవండి. రేపు మళ్లీ కూర్చోవాలి సుమా, లేకపోతే అది తప్పించుకోవడం అవుతుంది.

ఆయన మనసు ఎటు పోయినా, ముందే ఒక గీత గీయించుకోండి. ఎన్ని అడుగులకు ఆపాలి, ఎంత డబ్బు దాటకూడదు, నీళ్లు పడకపోతే ఆరోదాని మాట ఎత్తకూడదని. రిగ్గు తిరుగుతూ ఉండగా, ‘ఇంకో వంద అడుగులు’ అని పక్కనున్నవాళ్లు అంటుండగా ఎవరి బుద్ధీ పనిచేయదు. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు ఎటూ అనుమతి తీసుకోవాలి, ఆ పనిలోనే జియాలజిస్టు చేత మిషనుతో సర్వే చేయించమని అడగండి. అదీ గ్యారంటీ కాదు, కానీ ఆయన ఏం చూసి చెప్పాడో కాగితం మీద ఉంటుంది, అడగొచ్చు.

రిగ్గువాళ్లకు అడ్వాన్సు ఇచ్చారని మీరు రాయలేదు కాబట్టి ఇంకా ఇవ్వలేదనే అనుకుంటున్నాను. అయితే ఈ వారంలో ఒకే పని పెట్టుకోండి. మీ ఊళ్లో ఆ కొబ్బరికాయ ఆయన పాయింటు పెట్టిన ప్రతి రైతు ఇంటికీ మీ ఆయనే పోయి మూడు సంగతులు అడిగి రావాలి: ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచులు, ఎన్ని నెలలు పారింది. మీరు పోతే ఆ లెక్కను నమ్మరు. ఆయనే తెచ్చిన లెక్కను ఆయన చేతే మీ నోటుబుక్కులో రాయించండి.