స్కూల్లో బుద్ధిమంతుడు.. ఇంటికొస్తే కేకలు! ఎందుకిలా?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. బాబుకు ఏడేళ్లు. నాలుగో ఏట ఆటిజం అని చెప్పారు. స్కూల్లో బుద్ధిగా ఉంటాడట. ఇంట్లో అడుగుపెట్టాడో లేదో కేకలు, తల గోడకేసి కొట్టుకోవడం. మొన్న అన్నంలో పప్పు కలిపానని గంటసేపు ఏడ్చాడు. 'రెండు తగిలిస్తే దారికొస్తాడు' అంటారు మా అత్తగారు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌లోనే మాట్లాడమని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయాలి?
- ఓ తల్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు ఆ పప్పు సంగతి చూద్దాం. బాబు ఏడ్చింది ఒక్క పప్పు కోసమే కాదు. పొద్దున్నుంచీ వాడి మీద ఏమేం పడ్డాయో లెక్కేయండి. రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో బస్సు, హారన్లు, క్లాసులో గోల, మెడ దగ్గర గీరుకునే చొక్కా లేబుల్, పక్కవాడి టిఫిన్ డబ్బా వాసన. మనం వీటిని పట్టించుకోం. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకు అన్నీ ఒకే జోరుతో తగులుతాయి. మానసిక వైద్యులు అనుసరించే, 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5 నిర్ధారణ ప్రమాణాల్లో దీన్నీ ఒక లక్షణంగా చేర్చారు. బడిలో అంతా బిగపట్టుకుని కూర్చుంటాడు. వదిలేసినా ఫర్వాలేదనిపించే చోటు దొరకగానే, అంటే మీ దగ్గర, వదిలేస్తాడు. అందుకే 'స్కూల్లో చాలా బుద్ధిగా ఉంటాడు' అని ఎవరైనా అంటే నాకు సంతోషం కన్నా అనుమానమే ఎక్కువ.

చాక్లెట్ కోసం మారాం చేసే పిల్లాడు మధ్యమధ్యలో మీ ముఖం చూస్తాడు, ఇస్తే ఆగుతాడు. మెల్ట్‌డౌన్‌లో, అంటే తట్టుకోలేక బద్దలైపోయే స్థితిలో ఉన్నవాడు అడిగింది ఇచ్చినా ఆగలేడు. అప్పుడు కొడితే, ఇప్పటికే మోయలేకపోతున్నవాడికి ఇంకో నొప్పి, ఇంకో అరుపు కలిపినట్టే. అత్తగారితో వాదనకు దిగకండి, ఆవిడకొక పని అప్పగించండి. బాబు వచ్చే వేళకు టీవీ కట్టేయడం, కుక్కర్ విజిళ్లు అంతకుముందే అయిపోయేలా చూడటం ఆవిడ బాధ్యత.

బడి నుంచి రాగానే అరగంట పాటు 'ఈ రోజు ఏం చేశావ్ నాన్నా?' అని అడగకండి. యూనిఫాం మార్చి, రోజూ పెట్టే చిరుతిండే పెట్టి, లైట్లు తగ్గించిన గదిలో వదిలేయండి. కొందరికి బరువైన దుప్పటి కప్పితే హాయి, కొందరికి ఒంటి మీద చెయ్యి వేస్తేనే మంట. మీవాడు ఏ రకమో మీకే తెలుస్తుంది. కేకలు మొదలైతే తలకూ గోడకూ మధ్య దిండు పెట్టండి, మాటలు తగ్గించండి, 'నా కళ్లలోకి చూడు' అనొద్దు. బుజ్జగింపులూ ఉపన్యాసాలూ ఆ క్షణంలో వాడికి మరో చప్పుడే. పప్పు కొన్నాళ్లు వేరే గిన్నెలో పెట్టండి.

తర్వాత, వాడు కుదుటపడ్డాక, 'కోపం వచ్చిందా?' అంటే జవాబు రాకపోవచ్చు. తన లోపల జరిగేది కోపమో, ఆకలో, బాత్రూం అవసరమో పోల్చుకోవడం ఈ పిల్లల్లో చాలామందికి కష్టం. 'గుండె దడదడలాడిందా? పొట్టలో తిప్పిందా?' అని ఒంటి గుర్తులతో, బొమ్మలు చూపించి అడగండి. తెలుగులోనే అడగండి. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందనడానికి ఆధారం లేదు. అమ్మ మనసులో మాట వచ్చే భాషను ఇంట్లోంచి తీసేయమనే సలహా నాకైతే అస్సలు నచ్చదు.

ఒక రెండు వారాలు చిన్న నోట్‌బుక్ పెట్టండి. కేకలకు ముందు ఏం జరిగింది, రాత్రి ఎంత పడుకున్నాడు, విరేచనం అయిందా. ఉన్నట్టుండి చెంప మీద కొట్టుకోవడం మొదలుపెట్టిన పాపను ఒకసారి నా దగ్గరకు తెచ్చారు. మందు రాయమన్నారు. నోరు తెరిపించి చూస్తే దవడ పన్ను పుచ్చిపోయి ఉంది. ఇలాంటి మార్పు కనిపిస్తే పళ్లు, చెవులు, మలబద్ధకం ముందు చూపించాలి. మందులు ఉన్నాయి, రిస్పెరిడోన్ లాంటివి. తీవ్రమైన చిరాకు, గాయాలు చేసుకోవడం ఉంటే సైకియాట్రిస్ట్ పర్యవేక్షణలో వాడతాం. బరువు పెరగొచ్చు కాబట్టి పరీక్షలు తప్పవు.

స్కూలుతో మొహమాటపడొద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది, పిల్లవాడికి తగ్గ సర్దుబాట్లు చేయాలనీ చెప్పింది. మధ్యాహ్నం పది నిమిషాలు నిశ్శబ్దంగా కూర్చునే మూల ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. మీరుండే బెంగళూరులోనే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది, ఆ నోట్‌బుక్ పట్టుకుని ఒకసారి వెళ్లండి. తలకు దెబ్బ తగిలాక వాంతులు, మగత, ఫిట్స్ కనిపిస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.