గుంపులు నేలలో ఉన్నాయా, లెక్కలోనేనా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. పరిశోధన కోసం ఊరూరా తిరిగి దాదాపు రెండు వందల బోర్ల నీళ్లు పరీక్షించాను. ఫ్లోరైడ్, కాల్షియం, సోడియం, బైకార్బొనేట్ విలువలకు అక్షాంశ రేఖాంశాలు కూడా జోడించి కె-మీన్స్ పద్ధతిలో (పోలిన విలువలున్నవాటిని మనం అడిగినన్ని గుంపులుగా విడగొట్టే లెక్క) వర్గీకరిస్తే నాలుగు గుంపులు వచ్చాయి. పటం మీద చక్కగా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఇవి నిజమైనవేనని ఎలా తేల్చుకోవాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: ముందు అక్షాంశ రేఖాంశాలు తీసేసి మళ్లీ లెక్క కట్టండి. దగ్గరివాటిని కలపమని మనమే చెప్పి, అవి దగ్గరదగ్గరగా వచ్చాయనడం రుజువు కాదు. పైగా కె-మీన్స్‌ను నాలుగు గుంపులు అడిగితే నాలుగూ ఇస్తుంది, అసలు గుంపులే లేని చోట కూడా.

తర్వాత వేరియోగ్రామ్ గీయండి. దూరం పెరిగేకొద్దీ బోర్ల మధ్య తేడా ఎలా మారుతుందో చూపే గీత అది. ఒక గుంపులోని బోరుకు 1, మిగతావాటికి 0 వేయండి. బోర్లను జతలు కట్టి, ఇంచుమించు ఒకే దూరంలో ఉన్న జతల తేడాలను వర్గం చేసి, ఆ సగటులో సగాన్ని దూరానికి ఎదురుగా గుర్తించండి. ఒక్కో దూరానికి కనీసం 30 జతలైనా ఉండాలి. గీత కింద మొదలై, పైకెక్కి, ఒకచోట నిలకడకు వస్తే ఆ గుంపుకు నేల మీద ఉనికి ఉన్నట్టు. మొదటినుంచీ అడ్డంగా సాగితే ఆ బోర్లు చెల్లాచెదురుగా ఉన్నట్టే.

దూరం సున్నాకు చేరుతున్నా గీత దిగకుండా మిగిలే ఎత్తును నగ్గెట్ అంటారు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో డానీ క్రీగ్ మొదలుపెట్టిన ఈ తరహా లెక్కలను ఫ్రాన్సులో మాథెరాన్ శాస్త్రంగా మలిచాడు. బంగారపు ముద్ద అనే అర్థమున్న ఈ మాట ఆ గనుల వాసనే. మన గ్రానైటు నేలలో అది పెద్దగానే రావచ్చు. ఒకే వీధిలో ఒక బోరు పైనున్న మెత్తబడ్డ రాతి నీళ్లు తోడితే, మరొకటి లోతు పగులులోని నీళ్లు తోడుతుంది. బోరు లోతు రాసుకోకపోతే మళ్లీ వెళ్లి అడగండి.

ఇది నెగ్గినా పని కాలేదు. పరిశోధనా పత్రాలలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఫ్లోరైడ్ క్రమంగా మారుతూ పోయే చోట ఎక్కడ కోసినా ముక్కలు పొందికగానే వస్తాయి. గుంపులు ఎంత విడివిడిగా ఉన్నాయో కొలిచే సిల్హౌట్ స్కోరుకు ఈ సంగతి తెలియదు. ప్రతి బోరునూ విడిగానే చూస్తుంది. అందుకని ఫ్లోరైడ్, కాల్షియం వంటి విలువలకే వేరియోగ్రామ్‌లు గీసి, వాటితోనే, ఆ విలువల మధ్య సంబంధాలు చెడకుండా, గుంపులు లేకుండా క్రమంగా మారే ఊహా పటాలను కొన్ని వందలు కంప్యూటర్‌లో పుట్టించండి. ప్రతిదాన్నీ అదే పద్ధతిలో నాలుగుగా విడగొట్టండి. నూటికి తొంభై అయిదింటి కంటే మీ స్కోరు మెరుగ్గా ఉంటేనే గుంపులనండి. లేకుంటే గుంపుల మధ్య గీతలు చెరిపేసి, చుట్టుపక్కల బోర్ల విలువలను బట్టి మధ్యనున్న చోట్లను అంచనా కట్టే క్రిగింగ్ పటాన్ని అంచనా దోషంతో సహా ఇవ్వండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. ఉద్యోగం కొత్తలో నేనొక పటంలో గీత గీశాను. గీతకు ఇవతల పడ్డ ఊరిని నీరు మంచిదనే జాబితాలో చేర్చారు. రెండేళ్ల తర్వాత ఆ ఊరి బడి దగ్గరి చేతిపంపు నీళ్లు పరీక్షిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. పిల్లలు తాగింది ఆ నీళ్లే. ఆ ఊరి నుంచి నేను తెచ్చిన నమూనా ఒకే ఒక్కటి.

మీ గుంపుల అంచుల్లో ఉన్న ఊళ్లకు వానలు పడేలోపు మళ్లీ వెళ్లండి. ఊరికి మూడు నాలుగు బోర్ల నీళ్లైనా ప్లాస్టిక్ సీసాల్లో తెండి. ఫ్లోరైడ్‌కు గాజు సీసాలు వద్దు.