ఉద్యోగం ఇప్పుడే మానకండి చెల్లీ

లక్ష పెట్టి ఆన్‌లైన్ కోర్సు చేసి, విజయవాడలో పసిపిల్లల నిద్ర కన్సల్టెంట్ (బిడ్డ నిద్ర గాడిన పెట్టడానికి తల్లిదండ్రులకి సలహాలిచ్చే మనిషి) అవ్వచ్చా అని అడిగారు కదా. ఆ సర్టిఫికెట్‌తో డాక్టర్లం అయిపోం. గురక, బరువు పెరగకపోవడం కనిపిస్తే పిల్లల డాక్టరు దగ్గరికే పంపాలి.

కోర్సులో బిడ్డని విడిగా పడుకోబెట్టమంటారు. మన విజయవాడ పటమటలో చూస్తేనేమో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, చీర ఉయ్యాల, మే నెల ఉక్క! బిడ్డ రెండు నిమిషాలు ఏడిస్తే నాయనమ్మ ఎత్తేసుకుంటుంది (మా అత్తగారైతే పక్కింటి బిడ్డనీ ఎత్తుకొచ్చేవారు). మీ అసలు క్లయింటు ఆ నాయనమ్మే.

4 నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకి పగటి కునుకులతో కలిపి 12–16 గంటల నిద్ర కావాలి. తెలిసిన ముగ్గురు తల్లులతో రెండు వారాలు ఆ లెక్క రాయించి, ఉచితంగా సాయపడండి. నాలుగో ఆవిడ ఫీజెంతని అడిగితే అప్పుడు కోర్సు సంగతి చూద్దురుగాని.