మీ వారికి వచ్చిన పిలుపు, మీకు కలిగిన భయం

ప్రశ్న: మాది తిరుపతి. నేను ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా వారు రైల్వే వర్క్‌షాపులో టెక్నీషియన్, పదకొండేళ్ళ సర్వీసు ఉంది. ఈ ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమకాలపు నలభై రోజులూ ఆయన ఉపవాస ప్రార్థనల్లోనే గడిపారు. ఈస్టర్ నాడు నేను నైట్ డ్యూటీ ముగించుకొని ఇంటికి వచ్చేసరికి, ఆయన పిల్లలను తీసుకొని సమాధుల తోటలో జరిగే తెల్లవారుజాము ఆరాధనకు వెళ్ళారు. బల్లమీద ఉన్న ఆయన బైబిలు తెరిస్తే, యోహాను సువార్త ఇరవై ఒకటో అధ్యాయం దగ్గర నాలుగు మడతలు పెట్టిన రాజీనామా పత్రం కనిపించింది. సంతకం ఒక్కటే తక్కువ. అడిగితే, ప్రభువు తనను పూర్తికాల సేవకు పిలిచాడనీ, ఈస్టర్ తర్వాత యాభై రోజులకు వచ్చే పెంతెకొస్తు పండుగ లోపల ఉద్యోగం మానేసి, రేణిగుంట వైపు ఒక హాలు అద్దెకు తీసుకొని పరిచర్య మొదలుపెడతాననీ చెప్పారు. చిన్నతనంలో ఆయనకు ప్రాణం మీదికి వచ్చినప్పుడు బిడ్డను దేవునికి ఇస్తానని బైబిల్లోని హన్నాలాగా మొక్కుకున్నానని మా అత్తగారు ఎంతో సంతోషిస్తున్నారు. నేను భయం వెలిబుచ్చితే 'లోతు భార్యను జ్ఞాపకం చేసుకో' అంటున్నారు. ఇంటి అప్పు ఇంకా తీరలేదు. ఎనిమిదో తరగతి చదివే పాప 'నాన్న ఇక డ్యూటీకి వెళ్ళరా?' అని అడుగుతోంది. నేను దేవుని పనికి అడ్డు నిలుస్తున్నానా? నా విశ్వాసం అంత చిన్నదా?

జవాబు:

ప్రియమైన సోదరీ,

మీ చివరి రెండు ప్రశ్నలకే ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అవి మనసులో ముల్లులా ఉన్నంతకాలం మిగతా విషయాలేవీ మీరు నెమ్మదిగా ఆలోచించలేరు. మీరు దేవుని పనికి అడ్డు నిలవడం లేదు, మీ విశ్వాసం చిన్నదీ కాదు. గోపురం కట్టించాలనుకున్నవాడు మొదట కూర్చొని, దాన్ని ముగించడానికి తగినంత తన దగ్గర ఉందో లేదో లెక్క చూసుకోడా అని లూకా సువార్త పద్నాలుగో అధ్యాయంలో అడిగినవాడు ప్రభువే. అది కూడా డబ్బు సంగతి మాట్లాడుతూ కాదు, తనను వెంబడించడం గురించి మాట్లాడుతూ అడిగాడు. మీ ఇంట్లో ఆ లెక్క చూస్తున్నది ఇప్పటికి మీరొక్కరే. లోతు భార్య విడిచి రమ్మన్న ఊరి వైపు తిరిగి చూసింది, మీరు చూస్తున్నది మీ పిల్లల వైపు. ఆ మాట మీకు వర్తించదు.

మీ వారి పిలుపు నిజమా కాదా అన్నది ఉత్తరం చదివి తేల్చగలిగిన సంగతి కాదు, తేల్చే అధికారమూ నాకు లేదు. నిజమైనదే కావచ్చు. అయితే నేను దృఢంగా నమ్మేది ఒకటుంది: దేవుని నుంచి వచ్చిన పిలుపు పరీక్షకు తట్టుకుంటుంది, ఆలస్యానికి తట్టుకుంటుంది, భార్య అడిగే ప్రశ్నలకూ తట్టుకుంటుంది. వీటిలో దేనికీ నిలవని పిలుపు అయితే, ఆ సంగతి రాజీనామాకు ముందే తెలియడం మీ ఇద్దరికీ మేలు.

ఆయన ఆ పత్రాన్ని ఉంచిన అధ్యాయాన్నే మీ ఇద్దరూ ఒక సాయంత్రం కలిసి, తొందరపడకుండా చదవండి. పునరుత్థానం తర్వాత ఏడుగురు శిష్యులు తిబెరియ సముద్రంలో రాత్రంతా వల వేసి ఏమీ పట్టలేకపోయారు. తెల్లవారి ఒడ్డుకు వచ్చేసరికి అక్కడ నిప్పులు, వాటిమీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి. వలలో పడిన చేపలను నూట యాభై మూడని లెక్కపెట్టిన సంగతి కూడా సువార్తికుడు వదలకుండా రాశాడు. ప్రభువు వారిని ముందు భోజనానికి పిలిచాడు. వారు తిన్న తర్వాతే పేతురును 'నన్ను ప్రేమించుచున్నావా' అని అడిగాడు, ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు కూడా. అంతటి అపొస్తలుడినే నొచ్చుకునేదాకా ప్రశ్నించిన ప్రభువు, మీ వారిని సంఘ పెద్దలో, మీరో నాలుగు ప్రశ్నలు అడిగితే తప్పు పడతాడని నేను అనుకోను. ఆ తర్వాత అప్పగించిన పని గొఱ్ఱెపిల్లలను మేపడం. ఏ కాపరికైనా మంద తన ఇంటి గడప లోపలే మొదలవుతుంది.

ఈ కాలానికి సంబంధించిన ఇంకొక సంగతి కూడా ఆయనతో మాట్లాడవలసి ఉంది. ఈస్టర్ నుంచి ప్రభువు పరలోకానికి ఎక్కిపోయిన ఆరోహణం దాకా నలభై రోజులు, అక్కడి నుంచి పెంతెకొస్తుకు మరో పది రోజులు. ఈ కాలంలో శిష్యులకు అందిన ఆజ్ఞ, పైనుంచి శక్తి పొందేవరకు పట్టణంలో నిలిచి ఉండమని. లేచిన ప్రభువును కళ్ళారా చూసినవాళ్ళనే ఆయన ఆగమన్నాడు. వాళ్ళు ఆగిన మేడగదిలో స్త్రీలున్నారు, యేసు తల్లి ఉంది, ఆయన సహోదరులు ఉన్నారు, అందరూ ఏకమనస్సుతో ప్రార్థిస్తున్నారని అపొస్తలుల కార్యముల మొదటి అధ్యాయం చెబుతోంది. మీ వారు పెంతెకొస్తును గడువుగా పెట్టుకున్నారు కాబట్టి, ఆ గడువును అలాగే ఉంచి, దాని అర్థాన్ని మాత్రం మార్చమని అడగండి: ఆ రోజుదాకా ఇంటిల్లిపాదీ కలిసి కనిపెట్టుకొని ఉందాం, ఆ రోజు వరకు ఆ కాగితంమీద సంతకం వద్దు. ఇది కాదనడం కాదని ఆయనకు అర్థమయ్యేలా, వాదన లేని సమయం చూసుకొని చెప్పండి.

స్త్రీల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఖాళీ సమాధి వార్తను మొదట తెచ్చినవారు స్త్రీలు. అపొస్తలులకు వారి మాటలు వెఱ్ఱిమాటలుగా కనబడ్డాయనీ, నమ్మలేదనీ లూకా దాచకుండా రాశాడు. మీ ఇంట్లో ఇప్పుడు మీ మాటకు అటువంటి స్థితే వచ్చినట్టుంది. అయినా మీరు మాట్లాడటం మానవద్దు. పేతురుకు భార్య ఉంది, అత్త ఉంది. పేతురు సువార్త ప్రయాణాల్లో భార్య కూడా వెంట ఉండేదని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తొమ్మిదో అధ్యాయం చదివితే తెలుస్తుంది. భార్యాభర్తలు ప్రార్థన కోసం కొంతకాలం ఎడంగా ఉండటానికి సైతం ఉభయుల సమ్మతి కావాలని అదే పత్రికలో పౌలు రాశాడు. కొద్దిరోజుల ప్రార్థనకే సమ్మతి అవసరమైతే, జీవితాంతపు నిర్ణయానికి అవసరం లేదని ఎలా అనగలం? అయితే ఒక జాగ్రత్త. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసి కన్న చెడ్డవాడన్న తిమోతి పత్రికలోని వాక్యం మీకు తప్పకుండా గుర్తుకొచ్చి ఉంటుంది. దాన్ని ఆయన మీదికి విసరకండి. అత్తగారు లోతు భార్యను మీ మీదికి విసిరినప్పుడు మీకు ఎంత నొప్పి కలిగిందో, ఆయనకూ అంతే కలుగుతుంది, మాటలు అక్కడితో ఆగిపోతాయి.

మీరు నర్సు కాబట్టి ఈ సంగతి నాకన్న మీకే బాగా తెలుస్తుంది, అయినా అడగడం నా ధర్మం. ఆ నలభై రోజులూ ఆయన ఎలా తిన్నారు, ఎన్ని గంటలు పడుకున్నారు? ఇప్పుడు నిద్ర పడుతోందా? మాటల వేగం పెరిగిందా, డబ్బు ఖర్చులో మునుపెన్నడూ లేని తెగింపు కనిపిస్తోందా, ఎవరికీ వినిపించని స్వరాలు తనకు పదేపదే వినిపిస్తున్నాయని అంటున్నారా? ఇవేవీ లేకపోతే మంచిదే. ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనైనా, మీకు నమ్మకమున్న మరోచోటనైనా మానసిక వైద్యులకు చూపించండి. అలా చూపించడం ఆయన విశ్వాసాన్ని అవమానించడం కాదు. బదరీ చెట్టు కింద చావును కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత మొదట ఇచ్చింది నిప్పులమీద కాల్చిన అప్పము, బుడ్డిలో నీళ్ళు. తిని, తాగి, మళ్ళీ పడుకున్న తర్వాత అతన్ని రెండోసారి లేపి తినిపించాడు. మిక్కిలి నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర.

ఇక ఉద్యోగం సంగతి. పదకొండేళ్ళ సర్వీసుతో రాజీనామా చేస్తే ఏం పోతుందో, ఏం మిగులుతుందో మీ ఇద్దరూ కలిసి వర్క్‌షాపు పర్సనల్ విభాగంలో అడిగి కాగితం మీద రాయించుకోండి. స్వచ్ఛంద పదవీ విరమణకు ఇరవై ఏళ్ళ సర్వీసు కావాలి కాబట్టి ఆ దారి ఆయనకు ఇంకా తెరుచుకోలేదు. 2004 తర్వాత చేరినవారికి వర్తించే కొత్త పింఛను పథకంలో ఉన్నట్లయితే, మధ్యలో మానేసినవారికి కూడబెట్టిన సొమ్ములో పెద్ద భాగం ఒకేసారి చేతికి రాదు. రైల్వే వైద్యసదుపాయం పోతుంది, పాసులు పోతాయి. రాజీనామా ఒకసారి ఆమోదం పొందాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. సెలవు మాత్రం చేతిలో ఉన్నదే. ఒక నెల జీతపు సెలవు పెట్టి, తాను పూర్తికాలం చేయాలనుకుంటున్న పనిని ఆ నెలంతా నిజంగా చేసి చూడమనండి. హాలు అద్దెకు తీసుకొని మైకు పెట్టడం కాదు నేను చెప్పేది. మీ పాస్టరుగారి వెంట ఆసుపత్రి వార్డులకు వెళ్ళడం, చావు ఇంట్లో రాత్రంతా కూర్చోవడం, తాగి వచ్చే భర్త ఉన్న ఇంట్లో ఇద్దరి మాటా వినడం, సండే స్కూలు పిల్లలకు వారం వారం పాఠం సిద్ధం చేయడం. పరిచర్యలో ఎక్కువ భాగం ఎవరూ చూడని ఈ పనుల్లోనే గడుస్తుంది. నెల తర్వాత కూడా ఆయన హృదయం వాటివైపే లాగుతుంటే, ఆ పిలుపును మీరూ వేరే కళ్ళతో చూడవలసి ఉంటుంది.

పాస్టరుగారికి ఈ విషయం ఇప్పటికే తెలుసో లేదో మీ ఉత్తరంలో లేదు. తెలియకపోతే, ఆయన దగ్గరకే మొదట వెళ్ళాలి. మందిరంలో పడుకున్న బాలుడైన సమూయేలు తనను పిలిచిన స్వరాన్ని మూడుసార్లు ఏలీ స్వరమనుకొని పరుగెత్తుకుపోయాడు. అది ఎవరి పిలుపో గుర్తుపట్టి చెప్పడానికి, చూపు మందగించిన ఆ ముసలి యాజకుడే అవసరమయ్యాడు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో గాని లూథరన్ సంఘంలో గాని సేవకు వచ్చేవారిని పాస్టరేటు కమిటీ, ఆపైన పెద్దలు పరిశీలించి, వేదాంత కళాశాలకు పంపి, చదువు ముగిశాక కొంతకాలం ఒక పెద్ద పాస్టరు కింద ఉంచే పద్ధతి ఉంది. ఆ పద్ధతి కొందరికి విసుగు తెప్పిస్తుంది, కానీ అది సేవకుడిని ఎంత కాపాడుతుందో, అతని కుటుంబాన్నీ అంత కాపాడుతుంది. ఎవరికీ జవాబుదారీ కాకుండా ఒంటరిగా హాలు పెట్టుకున్నవారికి ఆ కాపుదల ఉండదు.

ఆలస్యమైతే పిలుపు చల్లారిపోతుందని ఆయన భయపడుతుంటే, మన పక్కనే ఉన్న వేలూరు సంగతి చెప్పండి. చిత్తూరు, వేలూరు ప్రాంతాల్లో స్కడ్డర్ కుటుంబంవారు 1853లో ఆర్కాటు మిషన్ మొదలుపెట్టారు. ఆ వంశంలో పుట్టిన ఐడా స్కడ్డర్ మాత్రం మిషనరీ కావడానికి ఇష్టపడలేదు. తల్లి జబ్బుపడిందని అమెరికా నుంచి తిండివనం వచ్చిన రోజుల్లో, ఒకే రాత్రి ముగ్గురు భర్తలు విడివిడిగా వచ్చి, ప్రసవవేదనలో ఉన్న తమ భార్యలకు సాయం చేయమని ఆమెను అడిగారు. ఆమెకు వైద్యం రాదు. వైద్యుడైన ఆమె తండ్రి వస్తానంటే, పరపురుషుడు వద్దని ముగ్గురూ వెనుదిరిగారు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ చనిపోయారని ఆమెకు తెలిసింది. పిలుపు ఆమెకు ఆ కబురు రూపంలో వచ్చింది. ఆమె మర్నాడే ఆసుపత్రి తెరవలేదు. అమెరికా తిరిగి వెళ్ళి, ఏళ్ళ తరబడి వైద్యం చదివి, 1899లో పట్టా పుచ్చుకొని, 1900లో తిరిగి వచ్చి ఒక్క మంచంతో వేలూరులో పని మొదలుపెట్టింది. ఈ రోజు మన జిల్లాల నుంచి ఎంతమంది రోగులు ఆ పనిలోంచి పెరిగిన సీఎంసీ ఆసుపత్రికి వెళుతున్నారో మీకు చెప్పనక్కరలేదు. అన్నేళ్ళ చదువు ఆ పిలుపును చంపలేదు, దాన్ని పనికొచ్చేలా చేసింది.

అత్తగారిని ప్రత్యర్థిగా చూడకండి. చావుబతుకుల మధ్య ఉన్న బిడ్డను ఒడిలో పెట్టుకొని చేసిన మొక్కు అది, ఇన్నేళ్ళూ ఆమె దాన్ని దేవునికి తీర్చవలసిన అప్పుగా మోశారు. ఒకరోజు దగ్గర కూర్చొని, ఆనాడు ఏం జరిగిందో పూర్తిగా చెప్పించుకోండి. ఆమె చెప్పడం ముగిశాక, హన్నా బిడ్డను మందిరానికి అప్పగించినా, దేవుడు సమూయేలును స్వయంగా పేరుపెట్టి పిలిచేదాకా ఆగవలసి వచ్చిందని మెల్లగా గుర్తు చేయండి. తల్లి మొక్కు కొడుకును దేవుని సన్నిధికి తేగలదు, ఆ సన్నిధిలో అతనికి ఏ పని అప్పగించాలన్నది దేవుని ఇష్టం. సంఘంలో ఉంటూ, వర్క్‌షాపులో నిజాయితీగా పనిచేస్తూ, ఆదివారం పాఠం చెప్పే కొడుకు కూడా ఆమె మొక్కు తీర్చినవాడే. కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట గుడారాలు కుడుతూ సువార్త చెప్పిన పౌలు పిలుపు ఏమాత్రం తక్కువది కాదు.

ఉత్తరమంతటిలో మీరు ఆయన పిలుపు గురించి రాశారు, మీ పిలుపు గురించి ఒక్క మాటా లేదు. ఈస్టర్ రాత్రంతా మీరు రోగుల పక్కన మేలుకొని ఉన్నారు. అది కడుపుకోసం చేసిన డ్యూటీ అనీ, ఆయనది మాత్రమే సేవ అనీ మీ మనసులో ఎక్కడో ఉంటే, దాన్ని తీసివేయండి. ఇద్దరు పిలవబడినవారు ఒక ఇంట్లో తమ బాధ్యతలను పంచుకోవడం గురించి మాట్లాడుకుంటున్నారు అన్న ఎరుకతో మీరు ఆయన ముందు కూర్చుంటే, మీ గొంతులో సంజాయిషీ చెప్పుకునే ధోరణి పోతుంది, ఆయనకూ మీ మాట వేరుగా వినిపిస్తుంది.

ఇంత చేసినా ఆయన పెంతెకొస్తు లోపలే సంతకం పెడితే, మీ జీతం వచ్చే ఖాతాను మీ పేరుతోనే ఉంచుకోండి, ఇంటి పత్రాల మీద గాని మీ నగల మీద గాని పరిచర్య కోసం అప్పు తేవడానికి ఒప్పుకోకండి, ఆ సంగతి ఆయనకు కోపం లేకుండా, పాస్టరుగారి సమక్షంలో ముందే చెప్పండి. పాపకు మాత్రం ఈ వారంలోనే జవాబు చెప్పాలి. 'నాన్న దేవుని పని ఎక్కువగా చేయాలనుకుంటున్నారు, ఎలా చేయాలో అమ్మా నాన్నా కలిసి ఆలోచిస్తున్నారు, ఇంకా ఏదీ తేల్చలేదు, నీ చదువు ఆగదు' అని మీ ఇద్దరూ పక్కపక్కన కూర్చొని చెప్పండి. ఆ నాలుగు మాటలు ఆయన నోటివెంట కూడా రావాలి కాబట్టి, ముందుగా ఆయనతో కూర్చొని వాటికి ఒప్పించుకోండి. మీ సంభాషణను అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.