సింగపూర్ బ్లాకుల మధ్య పక్షులు చూడటం కుదురుతుందా?

సింగపూర్‌కి కొత్తగా వచ్చాం, పుంగ్గోల్‌లో పద్నాలుగో అంతస్తు, ఎటు చూసినా హెచ్‌డీబీ (ప్రభుత్వం కట్టిన ఫ్లాట్ల) బ్లాకులే, ఊళ్ళో ఉన్నప్పుడు పొద్దున్నే చెరువు గట్టుకెళ్ళి పక్షులు చూసే అలవాటు, ఇక్కడ కుదురుతుందా, కుదిరితే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. కుదురుతుందండీ, నిశ్చింతగా మొదలుపెట్టండి. నేను ఏళ్ళ తరబడి ఆంగ్ మో కియోలో ఉంటున్నా, ఆఫీసుకెళ్ళే ముందు కాసేపు పక్షులు చూడందే నాకు తోచదు. ఇంత చిన్న దేశంలో ఇప్పటిదాకా 400కి పైగా రకాలు రికార్డయ్యాయి.

ఎవర్నడిగినా ముందు సుంగే బులో అనే చిత్తడి నేలల రిజర్వ్‌కి వెళ్ళమనే చెప్తారు. వెళ్దురుగాని, కానీ నా మాట విని మొదటి రెండు మూడు వారాలు మీ బ్లాక్ చుట్టూనే చూడండి. ఇక్కడ రోడ్ల పక్కన పెద్ద పెద్ద నిద్రగన్నేరు చెట్లుంటాయి, కొమ్మల మీద ఫెర్న్ మొక్కలు గుబురుగా పెరిగి ఉంటాయి, పక్షులు ఎక్కువసేపు ఉండేది ఆ పైభాగంలోనే. కింద నిలబడి చూస్తే మెడ నొప్పి తప్ప ఏమీ కనపడదు. అదే మల్టీస్టోరీ కార్‌పార్క్‌లో నాలుగో ఐదో డెక్‌కి ఎక్కి చూడండి, చెట్టు పైభాగం సరిగ్గా కళ్ళ ఎదురుగా ఉంటుంది, అడవిలో దీనికోసం ప్రత్యేకంగా టవర్లు కట్టుకుంటారు, మనకి ఊరికే దొరుకుతుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త, బైనాక్యులర్స్ ఎప్పుడూ ఎదుటి బ్లాక్ కిటికీల వైపు తిప్పకండి, ఎవరైనా అపార్థం చేసుకుంటే వాళ్ళ తప్పేం లేదు. బైనాక్యులర్స్ 8×42 సైజుది (ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది) చాలు, ఖరీదైన కెమెరా ఇప్పుడే కొనక్కర్లేదు.

మొదట్లో అన్నీ మనవే అనిపిస్తాయి. పిచ్చుక అనుకుని దగ్గరికెళ్తే బుగ్గ మీద నల్ల మచ్చ, నెత్తిన గోధుమరంగు, అది వేరే జాతి, ట్రీ స్పారో. ఫుడ్ కోర్టులో ప్లేట్ల మీద వాలేది మన గోరింక కాదు, జావా మైనా, ఒళ్ళంతా నలుపు బూడిదరంగు, ముక్కు మీద చిన్న కుచ్చు, మన గోరింకకి కంటి చుట్టూ ఉండే పసుపు చర్మం దీనికి ఉండదు. పంజరాల పక్షిగా దాదాపు వందేళ్ళ కిందట వచ్చి ఇక్కడ స్థిరపడింది, ఇప్పుడు మన గోరింక కనపడటమే తక్కువైపోయింది. బాధేంటంటే పుట్టిన చోట, జావాలో, పట్టుకుని అమ్మీ అమ్మీ అది బాగా తగ్గిపోయింది. కోకిల మాత్రం అచ్చంగా మనదే. మనకి ఉగాది ముందు మొదలయ్యే కూత ఇక్కడ దాదాపు ఏడాదంతా వినిపిస్తుంది, అదీ తెల్లవారుజామున అయిదింటికే, నిద్ర చెడిపోతోందని కంప్లైంట్లు కూడా ఇస్తారు. నాకైతే ఆ కూత వింటే ప్రాణం లేచొస్తుంది.

చెవిని ముందు అలవాటు చేసుకోండి, ఈ ఊళ్ళో సగం పక్షులు కనపడే ముందు వినపడతాయి. కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ పెట్టుకోండి, కానీ అది చెప్పిన పేరు కళ్ళతో చూసేదాకా ఖాయం చేసుకోవద్దు.

మా కారిడార్‌లో కరివేపాకు కుండీ ఉంది, ఒక ఏడాది దాని కొమ్మకి తేనెపిట్ట గూడు కట్టింది. కట్టేదంతా ఆడపిట్టే. సాలెగూడు దారాలు తెచ్చి కొమ్మకి చుట్టి, ఎండు గడ్డి, పీచు, ఆకు ముక్కలు అంటించి సంచిలా వేలాడదీసింది, పక్కన కన్నం, కన్నం మీద వాన పడకుండా చిన్న చూరు కూడా పెట్టింది. రెండు గుడ్లు. మగది గొంతు కింద నీలం మెరుపు, పొట్ట పసుపు, పిల్లలు అయ్యాక అదీ సాలీళ్ళూ పురుగులూ తెచ్చి పెట్టేది. పిల్లలు ఎగిరిపోయేదాకా మేం ఒక్క రెబ్బ కోయలేదు, పక్కింటి చైనీస్ ఆంటీ దగ్గర్నుంచి కరివేపాకు తెచ్చుకున్నాం, ఆవిడ కూడా రోజూ వచ్చి దూరం నుంచే చూసి వెళ్ళేది. మీ కుండీల్లోనూ కట్టొచ్చు, కడితే ఫొటోల కోసం ఆకులు పక్కకి తొలగించకండి, ఆ ఆకుల చాటు పోతే కాకి పట్టేస్తుంది.

ఇంకో మంచి ఉపాయం, మర్రి, రావి జాతి చెట్టు ఏదైనా కాయ పండిందంటే దాని కిందే నిలబడిపోండి. పసుపు ఓరియోల్, పిగిలిపిట్టలు, ఎర్రకళ్ళ స్టార్లింగులు, ఆకుపచ్చ పావురాలు, అన్నీ అక్కడికే వస్తాయి.

దూరం వెళ్ళాలనుకుంటే మా దగ్గర బిషాన్ పార్క్ బాగుంటుంది, అక్కడ కాంక్రీట్ కాలవని పగలగొట్టి 2012కల్లా మామూలు ఏరులా మార్చారు, ఇప్పుడు నారాయణ పక్షులు, తెల్ల కొంగలు, లకుముకి పిట్టలు మనుషుల్ని పట్టించుకోకుండా చేపలు పట్టుకుంటాయి. సుంగే బులోకి సెప్టెంబర్ నుంచి మార్చి మధ్యలో వెళ్ళండి, సైబీరియా వైపు నుంచి బురదలో తిరిగే ఉల్లంకి జాతి పక్షులు అప్పుడే వస్తాయి. కానీ ముందు సముద్రం పోటు టైమ్ చూసుకోండి. ఆటు ఉన్నప్పుడు అవి దూరంగా బురదలో చెల్లాచెదురుగా ఉంటాయి, నీళ్ళు పెరిగి బురద మునిగాక లోపలి చెరువుల్లోకి వచ్చి ఒక్కచోట గుంపుగా నిలబడతాయి. ఇది తెలీక ఉత్త చేతులతో తిరిగొచ్చేవాళ్ళు చాలామంది.

హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి కోసం పులావ్ ఉబిన్ దీవికి వెళ్ళండి, చాంగీ పాయింట్ నుంచి చిన్న బోటు, పన్నెండు మంది నిండగానే కదులుతుంది. ఇక్కడ పూర్తిగా కనుమరుగైన ఆ పక్షి 1994లో ఉబిన్‌లో మళ్ళీ కనిపించింది. ఆడది చెట్టు తొర్రలో కూర్చుని ద్వారం మూసేసుకుంటుంది, సన్నటి చీలికలోంచి మగది పళ్ళు అందిస్తుంది. అంత పెద్ద తొర్రలున్న చెట్లు తక్కువని మనుషులు పెట్టెలు కట్టి పెట్టారు, వాటిలోనూ పిల్లలు చేశాయి, ఇప్పుడు చాంగీ విలేజ్, పాసిర్ రిస్‌లో కూడా తిరుగుతున్నాయి.

మనవాళ్ళకి ముఖ్యంగా చెప్పాల్సింది, అమావాస్యకో తద్దినానికో కాకులకి అన్నం పెట్టడం ఇక్కడ కుదరదు. 2020 నుంచి అడవి పక్షుల్ని, జంతువుల్ని మేపడం వైల్డ్‌లైఫ్ యాక్ట్ కింద నేరం, పావురాలకి గింజలు వేసినా ఫైన్ పడుతుంది. పెద్దవాళ్ళు ఊరి నుంచి వస్తే ముందే చెప్పండి.

వలస వచ్చేవి రాత్రిళ్ళు ఎగురుతూ దీపాలకి తికమకపడి అద్దాల బిల్డింగులకి కొట్టుకుంటాయి, అక్టోబర్, నవంబర్‌లో లిఫ్ట్ లాబీ దగ్గర చిన్న పిట్ట ఏదైనా కదలకుండా కూర్చుని కనిపిస్తే నోట్లో నీళ్ళు పోయకండి. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి చీకట్లో ఉంచి వన్యప్రాణుల రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేయండి.

మీకు పుంగ్గోల్ నుంచి లొరోంగ్ హాలుస్ వెట్‌ల్యాండ్ దగ్గరే, సూర్యుడొచ్చేది ఏడింటికి కాబట్టి ఆదివారం ఏడుంబావుకల్లా అక్కడుండండి, తొమ్మిదిన్నర దాటితే ఎండకి పక్షులూ ఉండవు మనమూ ఉండలేం. ఈలోగా మీ బ్లాక్ కింద చెట్ల ఫొటోలు కామెంట్లో పెట్టండి, పండే మర్రి జాతిది ఉంటే చెప్తాను.